గోరింక పలకలేదు

జూన్ 17

ఇంటికి వచ్చి కాళ్ళయినా కడుక్కోకుండా రాస్తున్నాను. ఎవరితోనూ అనలేని మాటలు కడుపులో పెట్టుకుంటే నాకు అన్నం సహించదు.

కమిటీవాళ్ళు బడికి వచ్చారు. అధ్యక్షుడు సిమెంటు వ్యాపారి. పిల్లల కుర్చీలో కూర్చోబోయి, అది ముక్కలవుతుందేమోనని లేచి, నిలబడే మాట్లాడాడు. "మన విలువలు గొప్పవే తల్లీ, ఎవరు కాదన్నారు? కానీ మలుపు దగ్గర కొత్త బడిలో నాలుగేళ్ళ పిల్ల పలక నిండా రాసుకుని ఇంటికెళ్తోంది. మన పిల్ల ఇంటికెళ్ళి ఏం చెప్తోంది? బల్ల కడిగాను అని!"

అందరూ నవ్వారు. మా అక్క కూడా నవ్వింది. ఈ బడి పెట్టిన మనిషే నవ్వితే నేనేం చెప్పను? అయినా చెప్పాను. బల్ల కడగడం నేర్చిన చెయ్యే అక్షరం దిద్దుతుందనీ, ఒక పని మీద మనసు నిలిపిన పిల్లకి చదువు దానంతటదే వస్తుందనీ, పదిహేనేళ్ళుగా మాంటిస్సోరి గదిలో నేను చూస్తున్నది అదేననీ.

"చూస్తున్నావు సరే. మాకూ చూపించు" అన్నాడాయన.

ఆగస్టు ఆఖర్న గుర్తింపు ఇచ్చే సంస్థ నుంచి మనుషులు వస్తారట. ఈలోగా మెరుగుదల లక్ష్యాలు పెట్టుకోవాలట. అయిదేళ్ళు నిండిన ప్రతి పిల్లా అక్షరాల శబ్దాలన్నీ చెప్పాలి. గుర్తింపు పోతే బడి మూతే.

వాళ్ళు వెళ్ళాక అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "వాళ్ళ ముందు ఎగిరిపడకు. చూపించడానికి ఏదో ఒకటి వెతుకు" అంది.

జూన్ 20

దొరికింది.

గోరింక. నోరు మూతపడదని పోయినేడాది పిల్లలే పెట్టిన పేరు. గదిలో అడుగు పెట్టిందంటే ఇక మిగతావాళ్ళకి మాట దొరికేది కాదు. వాళ్ళ నాయనమ్మ తుమ్మిన తుమ్ము నుంచి వీధి కుక్క పిల్లల దాకా అన్నీ చెప్పేది. సెలవుల తర్వాత పిల్ల పిల్లలా లేదు. నెమ్మదించింది. ఈరోజు పొద్దున చాప పరుచుకుని, బకెట్టు తెచ్చుకుని, బల్ల కడగడం మొదలుపెట్టింది. సబ్బు, బ్రష్షు, తడిగుడ్డ, పొడిగుడ్డ. అయిపోయింది అనుకునేలోపు మళ్ళీ సబ్బు. పక్కన ఇద్దరు పోట్లాడుకున్నారు, తల ఎత్తలేదు. గంట మోగింది, తల ఎత్తలేదు. నేను రెండుసార్లు పేరు పెట్టి పిలిచి, నాలిక కరుచుకుని ఊరుకున్నాను. మనసు నిలిచిన పిల్లని కదపకూడదు.

కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో ఇలాంటి ఏకాగ్రత ముగ్గురిలోనో నలుగురిలోనో చూశానేమో.

జూన్ 21

ఈరోజూ అంతే. పొద్దున్నంతా.

జూలై 1

అక్క గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. ఫొటో తీసింది. గోరింక వంగి, నుదుటి మీద జుట్టు పడుతున్నా పట్టించుకోకుండా బల్ల మూల తుడుస్తున్న ఫొటో. బడి కరపత్రం మీద అదే వేస్తుందట. "నీ మాట నిలబడిందే" అంది.

ఆ మాట అక్క నోటి నుంచి వినడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

జూలై 9

గరుకు కాగితంతో చేసిన అక్షరాలు వేలితో తడిమి, శబ్దం చెప్పే పాఠం. గోరింక వేలు అక్షరం మీద ఎంత చక్కగా పోతుందో! శబ్దం మాత్రం రావడం లేదు. "మ" అంటే "బ" అంటుంది. "స" అంటే నా నోటివంక చూసి నవ్వుతుంది. పోయినేడాది ఇవన్నీ చెప్పినట్టే గుర్తు. పిల్లలు ఒక్కోసారి వెనక్కి వెళ్ళి ముందుకి వస్తారు. ప్రగతి పత్రంలో "తన వేగంతో సాగుతోంది" అని రాశాను.

కుడి చెవిలో దూది. అదో రకం వాసన. కిటికీ తెరిచాను.

జూలై 12

గోరింక అమ్మ గేటు దగ్గర ఆగింది. కుట్టు కంపెనీలో పని. ఎప్పుడూ పరుగే. తండ్రి లారీ మీద తిరుగుతుంటాడు, నెలకోసారి కనిపిస్తాడు.

"మేడం, ఒక్క మాట. ఇది పిలిస్తే పలకట్లేదండీ. మా అత్తగారికి చెవుడు కదా, ఇంట్లో అందరం అరుచుకునే మాట్లాడతాం. అప్పుడు బాగానే పలుకుతుంది. నేను పక్కన పడుకోబెట్టుకుని మెల్లగా ఏదన్నా అడిగితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. మొండికేస్తోందా అని నాకు భయంగా ఉంది. చెవి కూడా కారుతోంది. మా అత్తగారు ఏదో చుక్కలు వేస్తున్నారు."

"పిల్ల మొండి కాదమ్మా. మనసు లగ్నం చేస్తోంది. మధ్యలో పిలవకండి. మీరు గొప్ప పిల్లని కన్నారు" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. పాపం, ఎప్పుడూ ఎవరూ ఒక మంచిమాట చెప్పరు కాబోలు.

జూలై 24

మౌనం ఆట. పిల్లలందరూ కళ్ళు మూసుకుని కూర్చుంటారు. నేను గుమ్మం బయటికి వెళ్ళి, గుసగుసగా ఒక్కొక్కరి పేరే పిలుస్తాను. పేరు వినపడినవాళ్ళు చప్పుడు చెయ్యకుండా లేచి రావాలి. నాకు ఈ ఆటంటే ప్రాణం. పిల్లలు తమ పేరుని బహుమతి అందుకున్నట్టు అందుకుంటారు.

గోరింకని నాలుగోదానిగా పిలిచాను. రాలేదు. మళ్ళీ పిలిచాను. కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలా ఉంది. మిగతా అందరూ వచ్చేశాక, నా వెనక నిలబడ్డ పిల్లలు కిసుక్కుమన్నారు. అప్పటికి కళ్ళు తెరిచి, చుట్టూ ఎవరూ లేకపోవడం చూసి, పరుగున వచ్చింది. మౌనంలో అంతలా మునిగిపోయింది!

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో చెబితే, "వినపడలేదేమో" అన్నారు నవ్వుతూ.

"మీకు మా బడంటే ఎప్పుడూ వెటకారమే" అన్నాను.

"వెటకారం కాదే, పిలిస్తే రాని పిల్ల…"

కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

జూలై 25

ఆయనతో మాట్లాడలేదు.

జూలై 26

ఆయనతో మాట్లాడలేదు. అంత కోపం ఎందుకొచ్చిందో నాకే తెలియడం లేదు.

ఆగస్టు 5

పిల్లలు ఆకారాలు గీసుకునే ఇనప చట్రాలు అరలో పెడుతుంటే చెయ్యి జారింది. మొత్తం బండల మీద పడ్డాయి. వంటగదిలోంచి ఆయా పరుగెత్తుకొచ్చింది. ఒక చిన్నపిల్ల ఏడ్చింది. గోరింక నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. బ్రష్షు అలాగే ఆడుతోంది.

ఏకాగ్రత అంటే అలాగే ఉంటుంది.

కాదు.

పిల్లల్ని తోటలోకి పంపి, దాన్ని గదిలో ఉంచాను. వెనక నిలబడి పిలిచాను. గొంతు పెంచి పిలిచాను. ఈ గదిలో నేనెప్పుడూ పిలవనంత గట్టిగా పిలిచాను. అప్పుడు తల కొంచెం కదిలింది, ఎక్కడో దూరం నుంచి ఎవరో పిలిచినట్టు. అటు కిటికీవంక చూసింది, నావంక కాదు. నేను చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చేసరికి, మొహమంతా నవ్వుతో, "శుభ్రంగా ఉందా?" అని అడిగింది.

ఆ మాట కూడా సరిగ్గా పలకలేదు. మాట అంచులన్నీ అరిగిపోయినట్టుంది. ఎప్పటి నుంచి అలా మాట్లాడుతోంది? నేను ఏం వింటున్నాను?

ఆగస్టు 6

అక్కకి చెప్పాను. అక్క చేతిలో అచ్చయి వచ్చిన కరపత్రాల కట్ట ఉంది. పైన గోరింక బొమ్మ. కింద "లోకాన్ని మరిచే ఏకాగ్రత" అని నేనే రాసిచ్చిన వాక్యం.

అక్క తలుపు వేసింది.

"నీకు ఖాయంగా తెలుసా?"

"తెలుసు."

"డాక్టరువా?"

"అక్కా, వినపడటం లేదు దానికి."

అక్క కరపత్రాలు సర్దింది. "వాళ్ళు ఇరవయ్యారున వస్తున్నారు. ఇప్పుడు చెప్తే పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్తారు, ఊరంతా తెలుస్తుంది. చెవిటి పిల్లని చూపించి గొప్పలు చెప్పుకున్నారంటారు. కమిటీ నన్ను బతకనిస్తుందా? ఒక్క మూడు వారాలు ఆగు. ఇన్నాళ్ళు ఆగింది, మూడు వారాలకి ఏమవుతుంది? చెవి ఎక్కడికీ పోదుగా."

నేను ఏమీ అనలేదు. అనకపోవడమంటే ఒప్పుకోవడమే. అక్క బలవంతపెట్టిందని రాసుకోబోయాను. పెట్టలేదు. సాయంత్రం గేటు దగ్గర తల్లి కనిపించింది. "ఎలా ఉంది మేడం మా పిల్ల?" అని అడిగింది. "బాగుంది" అన్నాను.

ఆగస్టు 9

ఈరోజు చెప్పాలనుకున్నాను. వాన. ఆమె గొడుగు కింద పిల్లని లాక్కుని పరుగెత్తింది.

ఆగస్టు 12

నాయనమ్మ వచ్చింది. ఆవిడతో ఏం చెప్తాం?

ఆగస్టు 14

బల్ల కడుగుతూ తూలింది. బకెట్టు ఒరిగి నీళ్ళన్నీ పోయాయి. ఆకలేసి ఉంటుంది. పాలిచ్చాను.

ఆగస్టు 16

మెట్ల మీద పడింది. మోకాలు గీసుకుంది. "గది తిరుగుతోంది టీచర్" అంది. కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని, "ఇప్పుడు?" అని అడిగాను. నా పెదాలవంక చూసి, "ఇప్పుడు నువ్వు తిరుగుతున్నావు" అని నవ్వింది.

అక్కతో చెప్పాను. "పది రోజులు" అంది.

ఆగస్టు 17

జ్వరమని రాలేదు. ఇంట్లో వాళ్ళే ఆస్పత్రికి తీసుకెళ్తారులే. జ్వరమొస్తే ఎవరైనా తీసుకెళ్తారు. అక్కడ డాక్టరే కనిపెడతాడు. అదే మంచిది.

ఆగస్టు 20

గోరింక వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు. జ్వరం మందు ఇంట్లోనే ఉందట.

ఆగస్టు 23

ఏమీ రాయడానికి లేదు.

ఆగస్టు 26

వచ్చారు. ఇద్దరు. పెద్దావిడ గోరింక ముందు మోకాళ్ళ మీద కూర్చుని చూసింది, ఎంతసేపో. గోరింక ఆవిడకి బల్ల మూల చూపించి, "ఇక్కడ మురికి" అంది. మాట అస్పష్టంగా ఉంటే ఆవిడ ముద్దుగా ఉందనుకుంది.

లేచి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇన్ని బళ్ళు తిరిగాను. ఇలాంటి ఏకాగ్రత చూడలేదు. ఇది మీ పుణ్యం" అంది నాతో.

అక్క నా చెయ్యి నొక్కింది. నొక్కిన చోట ఇంకా నొప్పిగానే ఉంది.

"థాంక్సండీ" అన్నాను. అవును, అన్నాను.

ఆగస్టు 27

బడి వదలగానే వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదులు. టీవీ గోలలో నాయనమ్మ అరుస్తోంది, పక్కింటివాళ్ళతో తల్లి అరుస్తోంది, గోరింక కూడా అరుస్తూ పాట పాడుతోంది. ఆ ఇంట్లో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? గుసగుసగా మాట్లాడే చోటు బడి ఒక్కటే. తెలియాల్సింది అక్కడే.

"పాపని చెవి డాక్టరుకి చూపించండమ్మా. రేపే. సరిగ్గా వినపడటం లేదనిపిస్తోంది."

ఆమె టీవీ ఆపింది. గోరింక టీవీవంక చూసి, పాట ఆపకుండా పాడుతూనే ఉంది.

ఆగస్టు 31

ఆస్పత్రి. నేనూ వెళ్ళాను. తల్లే రమ్మంది. పెద్ద మాటలు తనకి అర్థం కావని.

డాక్టరు చిన్నవాడు, నిదానస్తుడు. రెండు చెవుల్లోనూ చీము పాతబడి, లోపల చర్మం గడ్డలా పెరిగి, చిన్న ఎముకల్ని తినేసిందట. కుడి వైపు ఇంకా లోపలికి వెళ్ళింది. వెంటనే ఆపరేషన్ చేసి ఆ గడ్డ తీసెయ్యాలి, లేకపోతే మెదడు దాకా పోతుంది. "కుడి చెవి వినికిడి ఇక రాదమ్మా. ఎడమదానికి మిషన్ పెడితే కొంత వినపడుతుంది."

తల్లి అడిగింది, "ముందే తెస్తే?"

"ఖచ్చితంగా చెప్పలేను. తల తిరగడం, తూలడం ఎప్పుడు మొదలైంది? అది మొదలవకముందు వచ్చుంటే, కుడి చెవి కొంతైనా మిగిలేదేమో."

"తూలడమా? జ్వరం నీరసం అనుకున్నాం. ఎప్పుడు మొదలైందో తెలీదండీ."

నాకు తెలుసు. ఆగస్టు పద్నాలుగు, బల్ల దగ్గర. డాక్టరు రాసిచ్చిన చీటీ తీసుకుని లేచాను.

బయటికి వచ్చాక ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మీరు చూశారు కాబట్టి నా బిడ్డకి ఆ మాత్రమన్నా దక్కింది మేడం. కన్నదాన్ని, నేను చూడలేకపోయాను."

చేతులు వెనక్కి తీసుకోలేదు.

సెప్టెంబర్ 4

ఆపరేషన్ అయింది. తలకి కట్టు. నిద్రలో ఉంది. పళ్ళు తీసుకెళ్ళాను.

సెప్టెంబర్ 10

గుర్తింపు వచ్చింది. పై మెట్టు. "విద్యా ప్రగతి సంతృప్తికరం, విలువల ఆచరణ ఆదర్శప్రాయం." అధ్యక్షుడు అందరికీ మిఠాయి పంచాడు. ఈసారి నన్ను "టీచరమ్మా" అన్నాడు.

అక్క నన్ను తన గదిలోకి పిలిచింది. కరపత్రం మళ్ళీ వేయిస్తుందట. గోరింక బొమ్మ అలాగే ఉంచి, కింద వాక్యం మారుస్తుందట. తల్లిదండ్రులకే తెలియని లోపాన్ని మా ఉపాధ్యాయిని తన పరిశీలనతో కనిపెట్టిందని.

"నువ్వు మనిషివేనా అక్కా?"

"ఎందుకే అంత మాట? అబద్ధమేముంది అందులో? నువ్వు కనిపెట్టలేదా?"

"ఎప్పుడు కనిపెట్టానో కూడా వేస్తావా?"

అక్క మొహం తెల్లబోయింది. తర్వాత మెల్లగా, నా చిన్నప్పుడు జడ వేస్తూ మాట్లాడిన గొంతుతో అంది: "చూడవే. నలభైమంది పిల్లలు, ఎనిమిదిమంది పనివాళ్ళు. నేను వీళ్ళని కాపాడాను. నువ్వు కూడా కాపాడావు. దానికి ఒక పిల్ల… దానికి కూడా మనం చెయ్యాల్సింది చేద్దాం. మిషన్ మనమే కొనిద్దాం."

నాలో సగం ఆ మాటని పట్టుకుని వేలాడాలనుకుంది. అది కూడా రాసుకోవాలి.

సెప్టెంబర్ 12

చెప్పేశాను.

వాళ్ళింటి గుమ్మంలోనే నిలబడి చెప్పాను. లోపలికి రమ్మంటే వెళ్ళలేదు. వెళ్తే మంచినీళ్ళిస్తుంది, తాగితే ఇక చెప్పలేను.

"మీరు నన్ను మెచ్చుకోవద్దు. నాకు ఆగస్టు మొదట్లోనే తెలుసు. బడి చూడటానికి మనుషులు వస్తున్నారని, వాళ్ళు వెళ్ళాక చెబుదామని ఆగాను. పాప తూలడం కూడా నా కళ్ళ ముందే మొదలైంది. మెట్ల మీద పడింది. అయినా చెప్పలేదు."

ఆమె చేతిలో గోరింక గౌను ఉంది. గుండీ కుడుతోంది. సూది అలాగే ఉండిపోయింది.

"నేను అడిగాను కదా మేడం" అంది. అరవలేదు. ఆ ఇంట్లో మొదటిసారి ఒక మెల్లటి మాట విన్నాను. "గేటు దగ్గర నిలబడి అడిగాను. పలకట్లేదు, భయంగా ఉంది అన్నాను. గొప్ప పిల్లని కన్నావన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్పాను. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. దాన్ని పిలవడం మానేశాను, మీరు పిలవొద్దన్నారని."

ఆమె మళ్ళీ గుండీలో సూది గుచ్చింది.

"తప్పు తెలియక చేశారంటే నేనూ అంతే అనుకునేదాన్ని. తెలిశాక కూడా…" దారం పళ్ళతో కొరికి, గౌను మడతపెట్టి, "వెళ్ళండి" అంది.

లోపలి నుంచి నాయనమ్మ, "ఎవరే?" అని అరిచింది.

"ఎవరూ లేరు" అని అరిచింది ఆమె.

సెప్టెంబర్ 13

అక్క నాతో మాట్లాడటం లేదు. ఒక్క మాట మాత్రం అంది: "చెప్పావుగా. దానికి చెవి వచ్చిందా?"

రాలేదు.

సెప్టెంబర్ 14

ఆయనకి అంతా చెప్పాను. "వినపడలేదేమో అని మీరన్నప్పుడే నాకు లోపల ఎక్కడో తెలుసు" అన్నాను. ఆయన లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చి ఇచ్చారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

సెప్టెంబర్ 22

పాత కరపత్రాలు పెరట్లో తగలబెట్టించింది అక్క. కొత్తవి వేయించలేదు. దాని గురించి మేం మాట్లాడుకోలేదు. మానేస్తానని రెండుసార్లు కాగితం రాసి, రెండుసార్లూ చించేశాను. మానేస్తే మంచిదాన్ని అయిపోతానన్న ఆశ ఉంది అందులో. ఆ ఆశ మీద నాకు నమ్మకం లేదు.

బల్ల ఎవరూ కడగడం లేదు. ఒక మూల మరక ఉండిపోయింది.

అక్టోబర్ 8

ఇప్పుడు ఒక్కొక్క పిల్లనీ వెనక నుంచి పిలిచి చూస్తున్నాను. రోజూ. పిల్లలకి ఇదో కొత్త ఆట అయింది. అందరూ పలుకుతున్నారు. ఒక్కొక్కరు పలికినప్పుడల్లా గుండెల్లో గుచ్చుకుంటోంది.

నవంబర్ 3

పొద్దున గది తలుపు తీసేసరికి ఇద్దరూ మెట్ల దగ్గర ఉన్నారు. తల్లీ, గోరింకా. జుట్టు పొట్టిగా కత్తిరించారు. ఎడమ చెవి వెనక మిషన్. ఇంకా కొంచెం కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తోంది, పడవలో నిలబడ్డట్టు.

తల్లి నా మొహం చూడకుండా మాట్లాడింది. "మలుపు దగ్గర బడిలో అడిగాను. దాని అవతల దాంట్లో అడిగాను. ఇలాంటి పిల్లల్ని చూసే ఏర్పాటు లేదన్నారు. వినపడని పిల్లల బడి దూరం, అక్కడే వదిలేసి ఉంచాలట. నేను ఉంచలేను. అందుకే తెచ్చాను. మిమ్మల్ని క్షమించి కాదు."

"తెలుసమ్మా."

"డాక్టరుగారు ముందువరసలో కూర్చోబెట్టమన్నారు."

"మా గదిలో వరసలు ఉండవు. నేనే దాని ఎదురుగా కూర్చుంటాను. మాట్లాడేటప్పుడు…"

"మీరు ఏం చేస్తారో చెప్పకండి" అంది. "మీరు చెప్పేవి నాకు బాగా తెలుసు."

నాకు మొహం చెల్లక నేలవంక చూశాను. మిషన్ రాత్రి తీసెయ్యాలనీ, నీళ్ళు తగలకూడదనీ ఆమె చెబుతుంటే తలాడిస్తూ, "సరేనమ్మా, సరేనమ్మా" అంటున్నాను. అప్పుడు గడ్డం మీద చిన్న చెయ్యి పడింది. గోరింక మునివేళ్ళ మీద నిలబడి, నా గడ్డం పట్టుకుని, మొహాన్ని తన వైపు తిప్పుకుంది. చల్లటి వేళ్ళు. గట్టి పట్టు.

"ఏం మాట్లాడుతున్నారు?" అంది. "నాకు చెప్పు."

నేను వంగి, పెదాలు పెద్దగా కదుపుతూ, గట్టిగా, "నువ్వు మళ్ళీ మన బడికి వస్తున్నావని…" అన్నాను.

మొహం చిట్లించింది. "అరవకు. మామూలుగా చెప్పు. నన్ను చూసి చెప్పు."

చూశాను. తల్లి గేటు దాటుతున్న చప్పుడు వినపడింది. గోరింక ఇంకా నా గడ్డం వదలలేదు.